మహాత్మా జ్యోతిరావు ఫూలే – కామాఠీపురా తెలుగువారి సత్యశోధకుడు

మన సరిహద్దు గ్రామాలలో బొంబాయి పేరు వినని ఇల్లు అరుదు. తాతల కాలంలో ఒకరు, తండ్రుల కాలంలో మరొకరు మూటాముల్లె సర్దుకొని ఆ మహానగరానికి వెళ్లినవారే. కామాఠీపురా, వర్లీ, ప్రభాదేవి, ధారావి వంటి పేటలలోని చాళ్లలో నేటికీ ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. సరిహద్దుకు ఇవతల ఉన్న మనము కూడా రెండు భాషల నడుమ పెరిగినవారమే. కనుక రెండు భాషల వారికీ చెందిన ఒక మహనీయుని జీవితాన్ని, ప్రత్యేకించి బొంబాయి తెలుగువారితో ఆయనకు గల బంధాన్ని, ఈ వ్యాసంలో స్మరించుకుందాము. ఆయనే మహాత్మా జ్యోతిరావు ఫూలే.

ముందుగా ఒక మాట. కామాఠీపురా అనగానే నేడు చాలామంది తల దించుకుంటారు. బ్రిటిషువారి కాలంలో అక్కడ వెలసిన వేశ్యావాటికల వలన ఆ పేరుకు అపకీర్తి వచ్చింది. కాని ఆ పేట పేరు కష్టజీవులది. బొంబాయి దీవుల మధ్య సముద్రపు పోటును ఆపుతూ 1784 ప్రాంతంలో వర్లీ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత అక్కడి పల్లపు నేల నివాసయోగ్యమైంది. పద్దెనిమిదవ శతాబ్ది చివర నిజాం రాజ్యం నుండి వలస వెళ్లిన తెలుగు కూలీలు ఆ నేల మీద గుడిసెలు వేసుకున్నారు. వారిని కామాఠీలు అన్నారు. రాళ్లు మోసి, సున్నం కలిపి, రోడ్లు పరచి, మేడలు లేపి ఆ నగరాన్ని నిర్మించిన చేతులలో వారి చేతులు ఉన్నాయి. క్రమంగా వారిలో కొందరు మేస్త్రీలై, గుత్తేదారులై ధనవంతులయ్యారు. ఫూలే ఉద్యమానికి బొంబాయిలో అండగా నిలిచినవారు వీరే.

బాల్యము – విద్య

జ్యోతిరావు 1827 ఏప్రిల్ 11న జన్మించారు. తండ్రి గోవిందరావు, తల్లి చిమ్నాబాయి. వారిది తోటమాలి కులం. పూర్వీకులది సతారా ప్రాంతంలోని కట్‌గుణ్ గ్రామం. పీష్వాల కాలంలో పూనాలో పూల వ్యాపారం చేసినందువలన ఇంటిపేరు ఫూలే అయింది. ఏడాది నిండకముందే తల్లి మరణించగా, సగుణాబాయి అనే బంధువు ఆ పసివానిని పెంచింది. ఆమె ఒక క్రైస్తవ మిషనరీ ఇంట పని చేసిన స్త్రీ. చదువు విలువను ఆమె ఆ ఇంట చూచింది.

మాలి కులపు పిల్లవానికి చదువెందుకని చుట్టుపక్కలవారు అనగా తండ్రి బడి మాన్పించి తోట పనిలో పెట్టారు. ఆనాటి ఆచారం ప్రకారం 1840లో, పదమూడేండ్ల వయస్సులో, సావిత్రీబాయితో వివాహమైంది. ఆ బాలుని తెలివిని గమనించిన ఇద్దరు ఇరుగుపొరుగువారు తండ్రికి నచ్చజెప్పారు. ఒకరు గఫార్ బేగ్ మున్షీ అనే ముస్లిం పండితుడు, మరొకరు లిజిట్ అనే క్రైస్తవుడు. ఆ విధంగా 1841లో జ్యోతిరావు పూనాలోని స్కాటిష్ మిషన్ పాఠశాలలో చేరి 1847 వరకు చదివారు. సదాశివ గోవండే, మోరో వాల్వేకర్ వంటి బ్రాహ్మణ మిత్రులు ఆయనకు లభించింది అప్పుడే. ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు, కొందరు బ్రాహ్మణ మిత్రులు కలిసి ఒక తోటమాలి కుమారుని చదువుకు దారి వేశారన్న సంగతిని మన పిల్లలకు తప్పక చెప్పవలెను.

విగ్రహములను గూర్చిన ప్రాచీన వాదము

ఆ మిషన్ పాఠశాలలో జ్యోతిరావు లెక్కలు, ఇంగ్లీషు మాత్రమే నేర్వలేదు. దేవుడు, పూజ, పురోహితుడు అనే విషయాలపై ఒక పురాతనమైన వాదాన్ని కూడా అక్కడ విన్నారు. దాని మూలాలు రెండు వేల యేండ్లకు పైబడినవి.

ఒకే దుంగలో సగం పొయ్యిలో పెట్టి వంట చేసుకొని, మిగిలిన సగంతో బొమ్మ చెక్కి మ్రొక్కడమేమని యూదుల ప్రవక్త యెషయా పేరిట ఉన్న గ్రంథం ఎత్తిపొడిచింది. చేతులతో కట్టిన గుడిలో సృష్టికర్త నివసించడని పౌలు ఏథెన్సు నగరంలో బోధించినట్లు బైబిలు చెబుతుంది. తరువాత రోమను సామ్రాజ్యంలో రెండవ శతాబ్దిలో జస్టిన్, ఆ శతాబ్ది చివర కార్తేజి నగరంలో టెర్టులియన్, నాలుగవ శతాబ్ది ఆరంభంలో లాక్టాంటియస్ మొదలైన క్రైస్తవ రచయితలు ఈ వాదాన్ని విస్తరించారు.

వారి వాదంలో ముఖ్యాంశాలు నాలుగు. మొదటిది, విగ్రహం శిల్పి చేతి పని. దానిపై ఎలుకలు పరుగెత్తినా, సాలీడు గూడు అల్లినా అది తన్ను తాను కాపాడుకోలేదు. రెండవది, కథలలోని దేవతలు అసూయ, మోసం, కామం గలవారు. మనుష్యులలో తప్పయినది దేవతలలో ఒప్పు ఎట్లగును? మూడవది, లోకాన్ని సృష్టించినవానికి బలులతో, ధూపంతో అవసరం లేదు. నాలుగవది, ఈ దేవతలు ఒకప్పుడు మనుష్యులే. బలవంతులైన రాజులను జనులు చనిపోయిన పిమ్మట దేవుళ్లను చేసుకున్నారు. ఈ నాల్గవ వాదం నిజానికి క్రైస్తవులది కాదు. క్రీస్తుకు సుమారు మూడు వందల యేండ్లకు పూర్వం యూహెమెరస్ అనే గ్రీకు రచయిత చెప్పినదాన్ని వారు తమ వాదానికి వాడుకున్నారు.

న్యాయంగా చెప్పవలెనంటే, రెండవ పక్షానికి కూడా సమాధానం ఉండేది. సెల్సస్ అనే గ్రీకు పండితుడు ఆ రెండవ శతాబ్దిలోనే క్రైస్తవులకు బదులు వ్రాశారు. రాతిని రాయి అని ఎరుగనివాడు ఎవడూ లేడు, విగ్రహం దేవునికి గుర్తు మాత్రమే, అది స్వయంగా దేవుడు కాదని ఆయన వాదం. మన దేశంలో పండితులు చెప్పినదీ ఇంచుమించు ఇదే.

బొంబాయి వాదోపవాదములు

ఈ పాత తగవు పందొమ్మిదవ శతాబ్దిలో బొంబాయికి చేరింది. 1829లో వచ్చిన స్కాట్లండు మిషనరీ జాన్ విల్సన్ హిందూ పండితులతో బహిరంగ చర్చలు జరిపారు. మోరభట్ట దాండేకర్ స్వధర్మాన్ని సమర్థిస్తూ గ్రంథం వ్రాయగా, విల్సన్ 1832లో దానికి ప్రత్యుత్తరం ప్రచురించారు. పావు శతాబ్ది తరువాత 1857లో విష్ణుబువా బ్రహ్మచారి బొంబాయి సముద్రతీరాన మిషనరీలతో వారాల తరబడి వాదించారు. ఆ వాదాలు వినడానికి జనం గుమికూడేవారు.

ఈ చర్చలన్నింటిలో ఒక లోపం కనిపిస్తుంది. మిషనరీ తన మతం గెలవవలెనని చూచాడు, పండితుడు తన మతం నిలవవలెనని చూచాడు. గుడి గడప దాటనీయక వెలుపల నిలబెట్టిన మనిషి సంగతి ఇద్దరికీ ప్రధానం కాలేదు. జ్యోతిరావు తన ప్రశ్నను ఆ వెలుపలి మనిషి ప్రక్కన నిలబడి వేశారు. విగ్రహం నిజమా, అబద్ధమా అనేది ఆయనకు రెండవ ప్రశ్న. ఆ పూజ పేరిట ఎవరు ఎవరిని అణచుచున్నారనేది మొదటి ప్రశ్న.

ఈ దృష్టి ఆయనకు పుస్తకాల వలన కొంత, అనుభవం వలన కొంత కలిగింది. 1847 ప్రాంతంలో థామస్ పెయిన్ వ్రాసిన మానవ హక్కుల గ్రంథాన్ని మిత్రులతో కలిసి చదివారు. 1848లో ఒక బ్రాహ్మణ మిత్రుని పెండ్లి ఊరేగింపులో నడుస్తుండగా, శూద్రుడవై మాతో సమానంగా నడుచుటయా అని బంధువులు ఆయనను అవమానించి పంపివేశారు. ఆ అవమానం జీవితమంతా ఆయనను విడువలేదు.

పాఠశాలలు – పోరాటము

ఆ సంవత్సరమే అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషన్‌వారి బాలికల పాఠశాలను చూచి వచ్చి, పూనాలోని భిడేవాడలో బాలికల కోసం పాఠశాల తెరిచారు. తాను చదువు చెప్పిన భార్య సావిత్రీబాయినే ఉపాధ్యాయినిగా నిలిపారు. ఆమె బడికి వెళ్లే దారిలో జనం పేడ, మట్టి విసిరేవారు. ఆమె మరొక చీర వెంట తీసుకొని వెళ్లి, బడిలో మార్చుకొని పాఠం చెప్పేది. మాబోటి ఉపాధ్యాయులకు ఇంతకంటె గొప్ప పాఠం ఏ శిక్షణ కళాశాలలోను లభించదు. లోకనిందకు వెరచి తండ్రి గోవిందరావు 1849లో కొడుకును, కోడలిని ఇల్లు విడువమన్నారు. అప్పుడు ఆశ్రయమిచ్చినవాడు ఉస్మాన్ షేక్ అనే మిత్రుడు. ఫాతిమా షేక్ సావిత్రీబాయితో కలిసి పాఠాలు చెప్పింది.

తరువాతి యేండ్లలో మహర్, మాంగ్ పిల్లలకు పాఠశాలలు వెలిశాయి. 1852 నవంబరులో ప్రభుత్వం పూనాలోని విశ్రామ్‌బాగ్‌వాడలో ఆయనను సన్మానించింది. 1856లో ఆయనను చంపుటకు ఇద్దరిని పంపగా, వారు ఆయన మాటలకు కరిగి కాళ్ల మీద పడ్డారనీ, వారిలో ధోండీరాం అనే కుమ్మరి తరువాత ఆయనకు అనుచరుడయ్యాడనీ జీవిత చరిత్రకారులు వ్రాశారు. 1863లో, మోసపోయి గర్భవతులైన వితంతువులు రహస్యంగా ప్రసవించుటకు తన ఇంటనే ఆశ్రయం ఏర్పరిచారు. అటువంటి ఒక బ్రాహ్మణ వితంతువు కుమారుడైన యశ్వంతుని 1874లో దత్తత తీసుకున్నారు. 1868లో తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివారికి తెరిచారు. కులం పేరిట తన్ను వెడలగొట్టిన బ్రాహ్మణ్యం మీద ఆయనకు ఎంత ఆగ్రహమున్నా, కష్టంలో ఉన్న బ్రాహ్మణ స్త్రీకి ఆయన ఇంటి తలుపు మూయలేదు.

గులాంగిరీ – సత్యశోధక సమాజము

1873లో ఆయన గులాంగిరీ అనే గ్రంథాన్ని ప్రకటించారు. గులాంగిరీ అనగా బానిసత్వం. నీగ్రో బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు ఆ గ్రంథాన్ని అంకితం చేశారు. ఇందులో జ్యోతిరావు, ధోండీబా అనే ఇద్దరు సంభాషించుకుంటారు. మత్స్య, కూర్మ, వరాహ, నృసింహ, వామన, పరశురామ అవతారాలు దేవతలు కావనీ, బయటి నుండి దండెత్తి వచ్చిన ఆర్య నాయకులనీ, ఇక్కడి జనుల రాజే బలి చక్రవర్తి అనీ ఆయన వాదించారు.

పాఠకులు ఇక్కడ ఆగి చూడవలెను. దేవతలు ఒకప్పటి మనుష్యులే అన్న ఆ యూహెమెరస్ వాదం, టెర్టులియన్, లాక్టాంటియస్ వాడుకున్న వాదం, మిషన్ పాఠశాల తరం ద్వారా మన దేశపు నేల మీదికి వచ్చి రూపం మార్చుకున్నది. రోములో అది ఒక కొత్త మతానికి చోటు చేయుటకు పనికివచ్చింది. పూనాలో అది సేద్యగాండ్రకు పోయిన గౌరవాన్ని తెచ్చుటకు పనికివచ్చింది. వామన చరిత్రను పోతన భాగవతంలో చదువుకున్న మనకు బలి దాతగా తెలుసు. ఫూలే ఆయనను రైతుల రాజుగా చూపించారు. దీపావళినాడు బలి రాజ్యం మరల రావలెనని కోరుకునే మరాఠీ పల్లె స్త్రీల ఆచారం ఆయనకు సాక్ష్యమైంది. ఏసుక్రీస్తును కూడా ఆయన దీనుల పక్షం వహించిన మరొక బలిరాజుగా గౌరవించారు.

అయితే అవతారాలను చారిత్రక పురుషులుగా గుర్తించిన ఆయన పద్ధతిని నేటి చరిత్రకారులు అక్షరాలా అంగీకరించరు. పురాణకథలో ప్రతి పాత్ర వెనుక ఒక రాజు ఉన్నాడని నిరూపించుటకు ఆధారాలు చాలవు. ఆ గ్రంథం బలం తేదీలలో లేదు. కథను ఎవరు చెప్పారు, ఎవరి మేలు కోసం చెప్పారు అని అడుగుటలో ఉన్నది.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 24న పూనాలో సత్యశోధక సమాజం స్థాపించారు. సృష్టికర్త ఒక్కడే, అందరూ ఆయన సంతానమే, బిడ్డకు తల్లిదండ్రులకు నడుమ దళారి అక్కరలేనట్లే దేవునికి మనిషికి నడుమ పురోహితుడు అక్కరలేదు, మనిషి గొప్పతనం గుణం వలన గాని కులం వలన కాదు అనేవి దాని సూత్రాలు. డిసెంబరులోనే పురోహితుడు లేని వివాహం జరిపించారు. ఆయన క్రైస్తవుడు కాలేదు. మిషనరీల నుండి ప్రశ్నను స్వీకరించారు, వారి చర్చిని స్వీకరించలేదు. ఏ ఒక్క గ్రంథమూ సంపూర్ణ సత్యం కాదని, దేవుడు ఏ ఒక్క జాతికీ సొంతం కాదని ఆయన నమ్మకం.

ఈ మాటలు తెలుగువారికి కొత్తవి కావు. రాళ్లకు మ్రొక్కి మనిషిని మరచిన తీరును వేమన ఎన్నడో మందలించాడు. అందువలననేమో, ఆ పిలుపు మరాఠీలో వచ్చినా తెలుగు చాళ్లకు సులువుగా చేరింది.

కామాఠీపురాలో సత్యశోధకులు

సమాజం పూనాలో పుట్టినా బొంబాయిలో దానికి ఊపిరి పోసినవారిలో తెలుగువారు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకు బాలాజీ కాలేవార్, నర్సింగరావు సాయబు వడ్నాల వంటి పేర్లు సత్యశోధక చరిత్రలో నిలిచి ఉన్నాయి. ఇంటిపేర్లు చూచినంతనే మన ప్రాంతపు వాసన తగులుతుంది. వీరిలో గుత్తేదారులు, వ్యాపారులు ఉన్నారు. సమాజానికి సొంత ముద్రణ యంత్రం సమకూర్చుటకు బొంబాయి తెలుగు పెద్దలు ధనమిచ్చారు. ఫూలే బొంబాయికి వచ్చి కామాఠీపురా ప్రాంతపు సభలలో ప్రసంగించారు.

వారికి ఈ ఉద్యమం ఎందుకు నచ్చింది? ఊరు విడిచిన కూలీకి కులం మాత్రం వెంట వచ్చింది. సంపాదన పెరిగినా పెండ్లిలో, చావులో, పితృకర్మలో పురోహితుని ముందు వాని స్థానం మారలేదు. చేతిలో ధనం ఉండి మర్యాద లేనివానికి, ధనం లేక మర్యాదా లేనివానికి, ఇద్దరికీ ఫూలే మాట ధైర్యమిచ్చింది. దేవుని ఎదుట మేస్త్రీ, కూలీ, భట్టు సమానులేనన్న మాట చాళ్లలో అదివరకు అంత బాహాటంగా వినబడలేదు.

1877 జనవరిలో కృష్ణారావు భాలేకర్ ప్రారంభించిన దీనబంధు వారపత్రిక 1880లో నారాయణ మేఘాజీ లోఖండే చేతికి వచ్చి బొంబాయి నుండి వెలువడింది. ఆ లోఖండేయే 1884లో మిల్లు కార్మికుల సంఘాన్ని కట్టారు. బొంబాయి మిల్లు కార్మికుల పోరాటానికి తొలి పునాది ఈ విధంగా సత్యశోధకుల చేతుల మీదుగానే పడింది. ఆ మిల్లులలో మన ప్రాంతపు పద్మశాలీలు తరతరాలుగా మగ్గాల ముందు నిలబడ్డారు.

రైతు కోసం

1877 కరవులో ఫూలే ఆకలిగొన్న పిల్లలకు అన్నం పెట్టే కేంద్రాన్ని నడిపారు. 1882లో హంటర్ విద్యా సంఘం ఎదుట, రైతుల పన్నుతో పై కులాల పిల్లలు కళాశాలలలో చదువుచున్నారనీ, పల్లెలలో ప్రాథమిక విద్యకే దిక్కు లేదనీ నివేదించారు. 1883లో రైతు చేతి కొరడా అను అర్థం గల షేత్‌కర్యాచా ఆసూడ్ గ్రంథాన్ని ముగించారు. దాని భాగాలను బొంబాయి, పూనా, జున్నర్ మొదలైన చోట్ల జనులకు చదివి వినిపించారు. బిడ్డ పుట్టిననాటి నుండి మనిషి చచ్చిన తరువాత వరకు కర్మకాండ పేరిట రైతు ఇంటి నుండి ధనం ఎట్లు పోవునో, షావుకారు, గుమాస్తా, పన్ను వసూలుదారు మిగిలినది ఎట్లు పట్టుకుపోవుదురో ఆయన వివరించారు. పెండ్లికి, దినవారాలకు అప్పు చేసి పత్తి పంట మీద తీర్చవలెనని చూచే మన గ్రామాలకు ఈ అధ్యాయం నేటికీ పాతబడలేదు.

అంత్యదశ

1888 మార్చిలో పూనాలో విక్టోరియా రాణి కుమారుడైన కన్నాట్ ప్రభువు గౌరవార్థం జరిగిన విందుకు ఆయన చినిగిన రైతు దుస్తులతో వెళ్లి, దేశపు అసలు ప్రజలు ఈ వేషంలో ఉన్నారని తెలిపారు. ఆ యేడు మే 11న బొంబాయి మాండవీలోని కోలీవాడ సభలో శ్రమజీవులు ఆయనకు మహాత్మ బిరుదు నొసగారు. కొద్ది వారాలకే పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఆయన ఎడమ చేతితో వ్రాయడం నేర్చుకొని చివరి గ్రంథం సార్వజనిక సత్యధర్మ పుస్తకాన్ని పూర్తి చేశారు. అది ఆయన మరణానంతరం 1891లో వెలువడింది.

ఆ గ్రంథంలో ఒక కుటుంబం ఊహ ఉన్నది. ఒకే ఇంట తల్లి బౌద్ధ ధర్మాన్ని, తండ్రి క్రైస్తవాన్ని, కుమార్తె ఇస్లామును, కుమారుడు సత్యధర్మాన్ని తమ తమ చదువును, వివేకాన్ని బట్టి స్వీకరించి, ఒకరినొకరు ద్వేషింపక ఒకే కప్పు క్రింద ప్రేమతో జీవించవలెనని ఆయన కోరారు. యౌవనంలో విగ్రహాలపై అంతటి కఠినమైన వాదం చేసిన మనిషి వృద్ధాప్యంలో చేరిన తీరం ఇది. టెర్టులియన్ కాలపు వాదం ఒక మతం గెలుపు కోసం సాగింది. ఫూలే చేతిలో అది ఒక ఇంటి శాంతిగా పరిణమించింది.

1890 నవంబరు 28న ఆయన కన్నుమూశారు. దత్తపుత్రుడు అంత్యక్రియలు చేయుటకు బంధువులు అభ్యంతరం చెప్పగా, సావిత్రీబాయి స్వయంగా నిప్పుకుండ పట్టుకొని శవయాత్ర ముందు నడిచింది. స్త్రీ చితికి నిప్పు పెట్టుట ఆనాడు ఊహింపరానిది.

ముగింపు

నేడు తెలంగాణలో ఫూలే పేరిట వెనుకబడిన తరగతుల గురుకుల విద్యాలయాలు ఉన్నాయి. మన గ్రామాల పిల్లలు అక్కడ చదువుచున్నారు. గోడమీద ఉన్న తలపాగా పటం ఎవరిదని అడిగితే పేరు చెప్పగలరు. కాని ఆ పేరుకు ఊతమిచ్చిన చేతులలో మన పూర్వుల చేతులు ఉన్నాయని వారికి ఎవరూ చెప్పలేదు.

గుడికి వెళ్లేవారు వెళ్లవచ్చును, చర్చికి, మసీదుకు వెళ్లేవారూ వెళ్లవచ్చును. ఫూలే మనలను అడిగినది ఎవరికి మ్రొక్కుచున్నావని మాత్రమే కాదు. మ్రొక్కి బయటకు వచ్చిన తరువాత గడప వెలుపల నిలబడిన మనిషిని ఎట్లు చూచుచున్నావని అడిగారు. ఈసారి మీ ఇంటినుండి ఎవరైనా బొంబాయికి వెళ్లినచో కామాఠీపురా పేరు తలచి సిగ్గుపడవలదని చెప్పండి. ఆ ఇరుకు సందులలో ఒకనాడు మన తెలుగు కూలీలు, మేస్త్రీలు కూర్చుండి, మనుష్యులందరూ సమానులేనన్న మాటను శ్రద్ధగా విన్నారు.